తువ్వాలు కింద బేరం, పలక మీద రేటు

ఈ మధ్య ఒక బ్యాంకు వాళ్ల వీడ్కోలు సభకు వెళ్తే, అక్కడ ఒక కుర్ర ఆఫీసరమ్మ నా కథ నాకే చెప్పింది. నేనెవరో ఆ అమ్మాయికి తెలియదు. "ఆదోనిలో పూర్వం ఒక మేడం ఉండేదట. పత్తి మార్కెట్లో మగవాళ్లతో సమానంగా తువ్వాలు కింద చెయ్యి పెట్టి రేటు తేల్చేదట. ఆడవాళ్లు పైకి రావాలంటే అంత తెగువ ఉండాలి" అంది. పక్కనున్న అమ్మాయిలు తలలూపారు. నేను చేతిలోని మైసూరుపాకు పళ్లెంలో పెట్టి, "పెట్టలేదమ్మా" అన్నాను.

"మీకు తెలీదు లెండి" అంది.

నా బతుకు గురించి నాకే తెలియదనిపించుకున్నాక ఊరుకోవడం కష్టం. పైగా ఆ అమ్మాయిలు తప్పు కథ పట్టుకుని వెళ్లి, పెట్టకూడని చోట చేతులు పెడతారేమోనని భయం కూడా వేసింది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది ఎమ్మిగనూరు. ఇంట్లో మగ్గం. అమ్మ కండెలు చుట్టేది. పదో తరగతి తర్వాత నన్ను కాలేజీకి పంపే స్తోమత లేదు కాబట్టి నా కాలేజీ ఊళ్లో ఉన్న గ్రంథాలయమే అయింది. అక్కడి లైబ్రరీ సారుకు మాటలంటే పడదు. లోపల ఎవరూ నోరు విప్పకూడదని టేబులు మీద ఒక పలక, బలపం పెట్టేవారు. కావలసిన పుస్తకం పేరు పలక మీద రాసి చూపించాలి. ఆయన చదివి, తడిగుడ్డతో తుడిచి, పుస్తకం తెచ్చి ఇచ్చేవారు. లేకపోతే "లేదు" అని ఆయనే రాసేవారు. నేను బీరువా తర్వాత బీరువా ఖాళీ చేశాను. వ్యవసాయం, వాణిజ్యం, వంటలు, గ్రహణాలు, దేన్నీ వదల్లేదు. ప్రైవేటుగా డిగ్రీ కట్టి పాసయ్యాను. బ్యాంకు పరీక్ష కూడా ఆ గ్రంథాలయం బెంచీ మీద చదివి రాసిందే. ఇప్పటికీ ఎవరైనా "మీరే కాలేజీ" అని అడిగితే ఛాతీ విరుచుకుని ఆ గ్రంథాలయమే చెప్తాను.

డెబ్బైలలో ఆదోనిలో ఉద్యోగం వచ్చింది. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సు. సేవింగ్స్ కౌంటరులో కూర్చోబెట్టారు. ఆడవాళ్లను ఎక్కడైనా అక్కడే కూర్చోబెట్టేవారు. కొన్నేళ్లకు ఆఫీసరు పరీక్ష కూడా పాసయ్యాను. కానీ అప్పులిచ్చే సీటులో పనిచేసి చూపిస్తే తప్ప మేనేజరు పైకి రిపోర్టు రాయరు. ఆదోనిలో అప్పులంటే పత్తి. వ్యాపారులు బేళ్లు గోదాములో పెడితే బ్యాంకు తాళం వేసుకుని, ఆ పూట రేటును బట్టి అప్పు ఇస్తుంది. మార్కెట్టు యార్డులో బోర్డు మీద రాసేది పొద్దుటి రేటు. మధ్యాహ్నానికి మిల్లుల ముందర అసలు రేటు వేరే ఉంటుంది. అది నోటితో ఎవరూ చెప్పరు. ఇద్దరి చేతుల మీద తువ్వాలు కప్పి, వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు. ఇన్ని వేళ్లు పట్టుకుంటే ఇంత, అరచేతిలో గీరితే ఇంత. పక్కన నిలబడ్డవాడికి తువ్వాలు కదలడం తప్ప ఏమీ కనపడదు.

ఆ సీటులో ఉన్న సారు బదిలీ అయ్యారు. నేను వెళ్లి మేనేజరు గదిలో నిలబడ్డాను.

"సీటు ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదమ్మా" అన్నారాయన. ఇబ్బందిగా కళ్లద్దాలు తుడుచుకున్నారు. "సీటు మగవాళ్లదని ఎక్కడా రాసి లేదు. కానీ ఆ తువ్వాలు మగవాళ్లది. రేటు ఎట్లా తెస్తావు?"

"తెస్తాను సార్."

"ఈ పత్తి సీజను చూస్తాను. రేటు తేగలిగితే రిపోర్టు రాస్తాను. లేకపోతే మళ్లీ కౌంటరు. ఇంకోసారి అడగకూడదు."

మర్నాడే మార్కెట్టుకు వెళ్లాను. దూది గాలిలో ఎగురుతూ జడ నిండా అంటుకుంది. ఒక మిల్లు గేటు దగ్గర బేలు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, నోట్లో ఆకువక్క. దళారులందరికీ ఆయన మాటే మాట.

"ఏమక్కోరా, బడికి సెలవా? ఈడికొచ్చినావు" అన్నాడు. అక్కోరు అంటే కన్నడంలో పంతులమ్మ. ఆ పెద్దాయన లాంటి కౌతాళం వైపు వాళ్లు, కన్నడ సరిహద్దు కాబట్టి, చేతిసంచి పట్టుకున్న ఆడమనిషిని ఇంకో మాటతో పిలిచేవారు కాదు.

"పంతులమ్మను కాదు పెద్దాయనా. బ్యాంకు నుంచి వచ్చినా. రేటు కావల్ల."

"సారు యాడ పోయినాడు?"

"బదిలీ అయి పోయినాడు. ఆ సీటు ఇప్పుడు నాది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగారు. నేను తగ్గలేదు. గ్రంథాలయంలో చదివిన పత్తి పుస్తకం అంతా ఒప్పజెప్పాను. దూది పోగు పొడుగు ఎంతుంటే ఏ రకం, తేమ ఎంత ఉండాలి, గింజ వంతు ఎంత. పెద్దాయన శ్రద్ధగానే విన్నాడు.

"అన్నీ నిజమే సెప్పినావు. ఇదంతా పుస్తకంలో ఉంటాది అక్కోరా. రేటు మాత్రం ఈడుంటాది" అని భుజం మీది తువ్వాలు తట్టాడు. తర్వాత దాన్ని తీసి, చెయ్యి మీద కప్పుకుని, నా వైపు చాపాడు. "రా, పెట్టు."

మార్కెట్టు మొత్తం ఆగిపోయినట్టనిపించింది. జట్కావాడు కూడా గుర్రాన్ని ఆపి చూస్తున్నాడు.

పెట్టొచ్చు. ఆయన మా నాన్న వయసువాడు. కానీ సాయంత్రం బస్సు కంటే ముందే ఆ వార్త ఎమ్మిగనూరు చేరుతుందని నాకు తెలుసు. అంతకంటే, రోజుకొకడు నవ్వుతూ తువ్వాలు చాపుతాడనీ తెలుసు. ఆ సీటు నాకు కావాలి. దానికోసం మాత్రం ఆ తువ్వాలు కిందికి పోను.

"పెట్టను పెద్దాయనా. నోటితో సెప్పు."

"నోటితో సెప్తే పక్కోడు వింటాడు గదమ్మా."

"చెవిలో?"

"ఛీ, ఛీ! మా ఇంటామె నన్ను ఇంట్లోకి రానిస్తాదా?"

ఈసారి అందరితో పాటు నేను కూడా నవ్వాను. కానీ బస్సులో నవ్వు రాలేదు. కోడుమూరు జామకాయలు అమ్మే ఆమె పక్కన కూర్చుని, మళ్లీ కౌంటరు, మళ్లీ పాసుబుక్కులు, రిటైరయ్యేదాకా అంతే అనుకుంటూ వచ్చాను. ఊళ్లో దిగాక కాళ్లు వాటంతట అవే గ్రంథాలయానికి పోయాయి. టేబులు దగ్గర నిలబడి ఏ పుస్తకం అడగాలో తోచక బలపం పట్టుకుని ఉండిపోయాను. లైబ్రరీ సారు పలక నా చేతిలోంచి తీసుకుని, "ఏం కావాలి?" అని రాసి చూపించారు.

ఇదే కావాలి సార్, అని పైకే అనేశాను. ఆయన వేలు పెదవుల మీద పెట్టుకున్నారు.

మర్నాడు బజారులో చెక్క చట్రం పలక ఒకటి కొని మార్కెట్టుకు పట్టుకుపోయాను. రేటు దీని మీద రాయండి, నేను ఒక్కదాన్నే చూస్తాను, వెంటనే తుడిచేయండి అన్నాను. ఆ రోజు దొరికినంత వినోదం వాళ్లకు తిరునాళ్లలో కూడా దొరికి ఉండదు.

"మన పెద్దాయన నిన్ననే సెప్పలే? అక్కోరే!" అన్నాడు ఒకడు.

"గోడకుర్చీ కూడా ఏపిస్తావామ్మా?" అన్నాడు ఇంకొకడు.

పెద్దాయన పలక అందుకుని, అటు తిరిగి చాలాసేపు రాశాడు. చూపించాడు. 'అ ఆ' అని ఉంది. "మార్కులెయ్యి" అన్నాడు.

నేను బలపం తీసుకుని కింద పదికి ఆరు అని వేశాను.

"ఆరేనా? యాంటికి?"

"'ఆ'కు తోక వంకర పోయింది."

ఆయన పలక వెనక్కి లాక్కుని, తువ్వాలు కొసతో తుడిచి, మళ్లీ రాశాడు. ఈసారి తోక బాగుంది. పది వేశాను. దాన్ని అందరికీ తిప్పి చూపించుకుని, తుడిచి, మళ్లీ నాకు ఇవ్వబోతూ ఆగి, ఏదో గీకి నా ముందు పెట్టాడు. ఆ పూట రేటు. నేను చూడగానే తువ్వాలు కొస ఒక్కసారి తిరిగింది. పలక నల్లగా అయిపోయింది.

ఆ తర్వాత మిగతావాళ్లూ రాశారు. కొందరు కన్నడ అంకెలు వేసేవారు. అవి మన అంకెలకు అక్కచెల్లెళ్లే కాబట్టి ఇబ్బంది లేదు. ఒకాయన మాత్రం గుజరాతీలో రాసి, నేను తెల్లముఖం వేస్తే సంతోషపడేవాడు. గ్రంథాలయంలో వెతికి ఆ అంకెలు కూడా నేర్చుకున్నాక ఆయన సంతోషం పోయింది.

సీజను చివరలో మేనేజరు స్వయంగా వచ్చారు, నా రేట్లు సరిచూడటానికి. నేను ముందు పలక మీద రేటు తీసుకున్నాను. ఆయన అదే పెద్దాయనతో తువ్వాలు కింద చెయ్యి కలిపారు. తర్వాత ఇద్దరం పక్కకు వెళ్లి చెప్పుకున్నాం. కలవలేదు. ఆయనకు చెప్పిన రేటు నాకు రాసినదానికంటే ఎక్కువ.

"చూశావామ్మా" అన్నారు మేనేజరు మెల్లగా. నిజంగానే బాధపడుతూ అన్నారు. "నిన్ను ఆడిస్తున్నారు."

అడగకుండా పోతే ఆ రోజుతో అయిపోతుంది. పెద్దాయన ముందుకు నడిచాను. "సారుకొకటి, నాకొకటి సెప్పినావు. ఏది నిజం?"

"నీకు రాసిందే నిజం అక్కోరా" అన్నాడు ఆయన, అంత తెలియదా అన్నట్టు. తర్వాత మేనేజరు వైపు తిరిగాడు. "టవాల కింద అంటే బేరం గద సార్. నేను పెంచి సెప్తా, మీరు తగ్గిస్తారు. మీ పాత సారు గూడా తగ్గించే రాసుకుంటాండె. ఇంగ పలక మీద బేరం యాడుంది? రాసినంక రాసిందే. తప్పు రాస్తే ఈయమ్మ అందరి ముందర మార్కులు కోస్తాది."

మేనేజరు నవ్వారు. "ఆ సీటులో ఉన్నప్పుడు నేను కూడా తగ్గించే రాసేవాణ్ణి. ఆ సంగతే మరిచిపోయాను" అన్నారు నాతో. బ్యాంకుకు తిరిగి వెళ్లాక, నా ఎదురుగానే రిపోర్టు రాశారు.

కుర్ర ఆఫీసరమ్మా, ఇదీ కథ. నాకు తెగువ లేకపోలేదు. దాన్ని చెయ్యి పెట్టడానికి కాక, పెట్టనని చెప్పి కూడా సీటు వదలకుండా ఉండటానికి వాడుకున్నాను. నువ్వు కూడా ఏ గదిలోనైనా, "ఇక్కడ ఇట్లాగే చేస్తాం" అన్నప్పుడు, పని మానుకోకు, పద్ధతి మార్చి అడుగు. నవ్వితే నవ్వనీ. మొదట నవ్వుతూనే పలక అందుకుంటారు.

ఇక కృతజ్ఞతలు. పేర్లు అచ్చులో వద్దని వాళ్ల ఇళ్లవాళ్లు కోరారు కాబట్టి, నేను పిలిచిన పిలుపులతోనే చెప్పుకుంటాను. ఒక్క మాట కూడా వృథా చేయని లైబ్రరీ సారుకు. ఆలస్యమైన రోజుల్లో కండెలు పక్కన పెట్టి బస్టాండు దాకా ఎదురొచ్చిన అమ్మకు. సంతకం పెట్టేముందు వచ్చి చూసుకున్న మేనేజరు గారికి. గుజరాతీ సేటుకు. పది మార్కుల పెద్దాయనకు. అందరికంటే ఎక్కువగా, ఒక రోజు బ్యాంకుకు వచ్చి, "మా ఆయన టవాలకు రోజూ బలపం పూసి పంపే అక్కోరు యాడుంది, సూద్దామని వచ్చినా" అని నిలదీసి, నా ఎదురుగా కూర్చుని తన పేరున ఖాతా తెరిచి వెళ్లిన పెద్దాయన ఇంటామెకు. ఆ తువ్వాళ్లన్నీ ఉతికింది ఆమే.