గంజి పెట్టిన గుడారం

ఏ వస్తువు కొనాలన్నా ముందు దాని గుణదోషాలను గీతలు గీసిన కాగితం మీద రాసుకునే మనుషులు ఉన్న రోజులవి. ఇప్పుడు మా అమ్మాయి సోఫాలో వాలి ఫోను మీద బొటనవేలితో ఒక నొక్కు నొక్కితే మర్నాటికి మంచం కూడా ఇంటికి వచ్చేస్తోంది. నచ్చకపోతే అంతే నిర్లక్ష్యంగా తిరిగి వెళ్ళిపోతోంది. ఆ పద్ధతిని నేను ఆమోదించను. అయితే, గీతల కాగితాన్ని నమ్ముకున్నవాడికి పొరపాటు జరగదని వాదించే అర్హత కూడా నాకు లేదు. ఎందుకు లేదో తెలియాలంటే పాతికేళ్ళ కిందటి నాటింగ్‌హామ్‌కు వెళ్ళాలి. అక్కడ వంతెనల నమూనాలు గీసే ఒక కార్యాలయంలో, ఆరు నెలల పరీక్షా కాలం మీద చేరి, రోజూ గంజి పెట్టిన తెల్లచొక్కా తొడుక్కుని నిటారుగా కూర్చున్న నన్ను చూడాలి. (గంజి సంగతి గుర్తుంచుకోవలసిందిగా పాఠకులకు మనవి.)

మా పైఅధికారిని ఆఫీసులో అందరూ పేరు పెట్టే పిలిచేవారు. నన్నూ అలాగే పిలవమని ఆయన మూడు సార్లు చెప్పారు. హెడ్మాస్టరు కడుపున పుట్టినవాణ్ణి. తండ్రి వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నా నాలుక ఒప్పుకోక 'సార్' అనే కొనసాగించాను. ఇంట్లో మాత్రం నేనూ మా ఆవిడా ఆయనను జింకల దొరగారు అనుకునేవాళ్ళం. ఏటా చలి మొదలవగానే అనుమతి పత్రం తీసుకుని స్కాట్లండు కొండలకు వెళ్ళి జింకలను వేటాడడం ఆయనకున్న ఏకైక వ్యసనం. నా పరీక్షా కాలం ముగిసేనాటికి నా గురించి ఒక నివేదిక రాయవలసింది ఆయనే. అందులో 'స్థిరపరచవచ్చు' అనే మాట ఉంటే ఉద్యోగం ఉంటుంది. ఉద్యోగం ఉంటే వీసా ఉంటుంది. వీసా ఉంటే, అప్పటికి ఆరేళ్ళున్న మా అమ్మాయి కొత్త బడిలో ఎంతో కష్టపడి సంపాదించుకున్న ఇద్దరు స్నేహితురాళ్ళు ఉంటారు. లేకపోతే ముగ్గురమూ పెట్టెలు సర్దుకోవాలి.

సెప్టెంబరులో ఒకనాడు ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "నా టెంట్ చిరిగిపోయింది," అన్నారు, దగ్గరి బంధువు పోయినంత గంభీరంగా. "కొత్తది కావాలి. చలికాలంలో వేటకు నాకు పనికి రావాలి, వేసవిలో మాంచెస్టర్‌లో ఉన్న మనవలకు పనికి రావాలి. షాపువాళ్ళ మాటలు నేను నమ్మను. ఈ ఆఫీసులో సూచనల పత్రాలను చివరి పేజీ దాకా చదివేది మీరొక్కరే. మీరే ఎంచండి."

ఆ మాట నాకు పద్మశ్రీ ఇచ్చినట్టు వినిపించింది. ఇంటికి వెళ్ళి చెబితే మా ఆవిడ కూర కలుపుతూ కలుపుతూ ఆగింది.

"గుడ్డు కూడా ముట్టరు కదండీ మీరు. వేటగాడికి టెంట్ ఎంచుతారా?"

"నేను ఎంచేది గుడారం. జింకను కాదు."

"ఒకవేళ అది ఆయనకి నచ్చలేదనుకోండి?"

"పద్ధతి ప్రకారం ఎంచినది నచ్చకపోవడం ఉండదు."

ఆవిడ ఇంకేమీ అనలేదు. అనకపోవడంలో ఆవిడకు గొప్ప నేర్పు ఉంది.

పదకొండు గడుల పట్టిక ఒకటి తయారు చేశాను. బట్ట, బరువు, గుంజలు, మేకులు, పొయ్యి గొట్టం బయటికి పోయే రంధ్రం, ఆ రంధ్రం చుట్టూ నిప్పంటుకోని పట్టీ, చలిగాలి దూరకుండా అంచున నేలమీద పరుచుకునే బట్ట అంచు, ఇలా సాగింది. (చివరి గడి 'వేటాడినదాన్ని వేలాడదీయుటకు కొక్కెం'. దానిని కళ్ళు సగం మూసుకుని నింపాను.) మూడు శనివారాలు ముగ్గురమూ దుకాణాల్లోనే గడిపాం. నిలబెట్టి ఉంచిన ప్రతి గుడారంలోకీ బూట్లు విప్పి ప్రవేశించాం. తక్కినవారు బూట్లతోనే వెళ్తున్నారు, వారి పెంపకం గురించి నేను వ్యాఖ్యానించను. నేను టేపుతో కొలతలు చదువుతుంటే మా ఆవిడ రాసుకునేది, మా అమ్మాయి నిద్ర నటించి ఎంత జాగా పడుతుందో చూపించేది. నైలాను గుడారాలు చవకా, తేలికా. కాని లోపలి మనిషి విడిచిన ఊపిరి బయటికి పోయే దారి లేక, తెల్లారేసరికి చుక్కలై అతని నెత్తినే పడుతుందని తెలిసింది. మందపాటి నూలు కాన్వాసు అలా కాదు. గాలి పీల్చుకుంటుంది, పొయ్యి వేడిని నిలుపుకుంటుంది. మోయడానికి మాత్రం ఇద్దరు మనుషులు కావాలి.

"ఎంతమంది పడుకుంటారు, డక్?" అని అడిగింది దుకాణంలోని అమ్మాయి. (ఆ ఊళ్ళో ముక్కూ మొహం తెలియనివాళ్ళను కూడా ఆప్యాయంగా బాతు అంటారు. మొదటి నెలలో నేను ఫిర్యాదు చేయబోయి ఆగాను.)

"శీతకాలంలో ఒక వేటగాడు. వేసవిలో ఐదుగురు కుటుంబ సభ్యులు. వర్షాకాలం సంగతి ఇంకా తేలలేదు."

"వర్షాకాలం అని ఇక్కడ వేరేగా ఏముంటుంది," అంది ఆ పిల్ల జాలిగా.

చివరికి నడుమ ఒకే గుంజ మీద నిలిచే గుండ్రటి కాన్వాసు గుడారాన్ని ఎంచాను. దొరగారు పట్టికను రెండు సార్లు చదివి, తల ఊపి, సెలవు మీద వెళ్తూ గుడారాన్ని మా ఇంటికే తెప్పించి సిద్ధం చేయమన్నారు. వచ్చింది. మా ఆవిడ ముందుగా దాని అంచు మడతలో పసుపు పెట్టింది. కొత్త బట్ట కదా. నేను సూచనల పత్రం తీశాను. కొత్త కాన్వాసును మొదటిసారి వాడకముందు నిలబెట్టి, బాగా తడిపి, ఆరనివ్వాలని అందులో ఉంది. అలా చేస్తే నూలు ఉబ్బి కుట్ల సందులు మూసుకుంటాయట. మా అద్దె ఇంటి పెరట్లో నిలబెట్టి, గొట్టంతో తడిపి, ఆరబెట్టాను. అంతవరకు నా నడవడిలో లోపం లేదు.

ఆరిన గుడారాన్ని చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. ఎక్కడ చూసినా ముడతలు. బస్సులో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన పంచెలా ఉంది. నా ఉద్యోగాన్ని చేతిలో పెట్టుకున్న పెద్దమనిషికి ఈ అవతారంలో అప్పగించడమా? మా నాన్నగారు బడికి వెళ్ళే పంచె నడుస్తుంటే ఫెళఫెళమనేది. పిల్లలు ఆ చప్పుడు విని నిశ్శబ్దమయ్యేవారు. నూలు బట్టకు మర్యాద నేర్పేది ఏమిటో నాకు చిన్నప్పటినుంచీ తెలుసు.

"టెంట్‌కి గంజేమిటండీ," అంది మా ఆవిడ.

పత్రాన్ని ఆవిడ ముందు పరిచాను. "చదువు. సబ్బు వాడరాదు. డిటర్జెంట్ వాడరాదు. బ్లీచ్ వాడరాదు. గంజి వాడరాదని ఎక్కడుంది?"

"వాళ్ళకి గంజి తెలియదు కాబట్టి రాయలేదు."

"రాయనిది నిషేధం కాదు."

అంత గుడారానికి ఎంత గంజి కావాలో నేను లెక్క వేయలేదు. పట్టికలో ఆ గడి లేదు. మూడు రోజులు మా వంటింట్లో అన్నం వారుస్తూనే ఉన్నాం. వార్చిన అన్నాన్ని పారేయడం మహాపాపం కనుక మా ఆవిడ దానిని పులిహోరగా మార్చింది. ఎలాగూ పులిహోరే కదా అని ఎసట్లోనే ఉప్పు వేసేసింది. (ఈ చిన్న విషయం నాకు అప్పుడు తెలియదు.) పై అంతస్తులో ఉండే గుంటూరు విద్యార్థులు ఇద్దరు మూడు పూటలూ పులిహోరే తిన్నారు. నాలుగో పూట తలుపు కొట్టి, "అంకుల్, ఏదైనా మొక్కా?" అని అడిగారు. ఆఫీసుకు తీసుకువెళ్ళిన డబ్బాను, అప్పుడే సెలవునుంచి తిరిగి వచ్చిన దొరగారు ఖాళీ చేసి చాలా బాగుందన్నారు. అది తన గుడారపు ఉపఉత్పత్తి అని ఆయనకు తెలియదు.

గోడలకు రంగు వేసే బ్రష్షుతో గంజి పట్టించి ఆరబెట్టాక గుడారం చూడాలి. ముడత అన్నది లేదు. మధ్య గుంజ తీసేసినా కాసేపు అలాగే నిలబడింది. మడత పెట్టబోతే అప్పడంలా ఫటఫటమంది. సంచిలో పట్టించడానికి విద్యార్థులిద్దరినీ పిలిచి దాని మీద కూర్చోబెట్టవలసి వచ్చింది. (పులిహోర రుణం అలా తీరింది.)

అక్టోబరు చివర పిల్లల సెలవులకు దొరగారి మనవలు రావలసి ఉండగా వాళ్ళకు ఆటలమ్మ పోసింది. "మీరు రండి. ఇంట్లోవాళ్ళను కూడా తీసుకురండి," అన్నారాయన నాతో. "కుటుంబానికి పనికొస్తుందో లేదో కుటుంబమే చెప్పాలి. నేను వ్యానులో పడుకుంటాను." నివేదిక రాయడానికి ఇంక రెండు వారాలే ఉంది. వెళ్ళాం.

స్కాట్లండు కొండ మీద గుడారం నిలబెట్టినప్పుడు దొరగారు దాన్ని తట్టి చూశారు. తలుపు తట్టినట్టు చప్పుడు వచ్చింది. "గట్టి బట్ట," అన్నారు. నేను వినయంగా తల వంచాను. సాయంత్రం పొయ్యి రాజేశాం. బయట మంచు, లోపల వెచ్చదనం. కాన్వాసు మెల్లగా చెమ్మగిల్లింది. మరుక్షణం గుడారమంతా అప్పుడే వార్చిన అన్నం వాసన కమ్ముకుంది. మా అమ్మాయి చేతిలోని బిస్కెట్టు పక్కన పెట్టి, "మమ్మీ, ఈజ్ దేర్ రైస్?" అంది. మా ఆవిడ నా వైపు చూడలేదు. చూడకపోవడంలోనూ ఆవిడకు నేర్పు ఉంది. దొరగారు ముక్కు ఎగబీల్చి, "మా అమ్మ బియ్యపు పుడ్డింగు చేసిన రోజు ఇల్లు ఇలా ఉండేది," అన్నారు. అదే సమయంలో కప్పునుంచి తెల్లని చిక్కటి చుక్క ఒకటి జారి ఆయన మీసం మీద పడింది. ఆయన తుడుచుకున్నారు.

రెండు రోజులు ఆయన వెనక నేను తడి పొదల్లో మోకాళ్ళ మీద పాకాను. ఒక్క జింక కనబడలేదు. మొదటి రోజు గాలి దిశ బాగులేదన్నారు. రెండో రోజు నా చొక్కా చప్పుడు చేస్తోందన్నారు. రెండో సాయంత్రం ఆయన నాతో మాట్లాడిన మాటలు మొత్తం నాలుగు. నివేదికలో నా గురించి ఎన్ని మాటలు ఉంటాయో ఊహించుకుంటూ పడుకున్నాను.

మూడో ఉదయం వెలుగు వస్తుండగా మా అమ్మాయి నా భుజం కుదిపింది. "డాడీ, సమ్‌బడీ ఈజ్ ఈటింగ్ అవర్ హౌస్."

గోడ కదులుతోంది. ఎవరో గరుకు కాగితంతో రుద్దుతున్నట్టు చప్పుడు. తలుపు తెర కాస్త తొలగించి చూశాను. ఏడు ఆడజింకలు గుడారం చుట్టూ వరుసగా, పంక్తి భోజనానికి కూర్చున్నంత క్రమశిక్షణతో నిలబడి, గోడలను శ్రద్ధగా నాకుతున్నాయి. పాతిక గజాల దూరంలో వ్యాను తలుపు తెరిచి ఉంది. ఉన్ని లోదుస్తులలో, తల మీద టోపీతో, దొరగారు మెట్టు మీద కూర్చుని ఉన్నారు. తుపాకీ ఆయన వెనక పెట్టెలోనే ఉంది. జింకల వెనక గుడారం, గుడారంలో పసిపిల్ల. అటువైపు తుపాకీ ఎత్తే మనిషి కాదాయన. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయారు. మా అమ్మాయి తెర సందులోంచి చెయ్యి చాపితే ఒక జింక ఆ చేతినీ నాకింది. పిల్ల పకపక నవ్వడంతో పంక్తి లేచిపోయింది.

ఆయన నడిచి వచ్చి గోడ మీద వేలు రాసి నాలుకకు అద్దుకున్నారు.

"ఉప్పు," అన్నారు.

నేను మా ఆవిడ వైపు చూశాను. "పులిహోరకి కదండీ," అంది నెమ్మదిగా.

"ఇంకేదో కూడా ఉంది," అన్నారాయన.

"బియ్యం, సార్."

"ఎందుకు?"

"ముడతలు, సార్."

"పత్రంలో ఉందా?"

"వద్దని లేదు, సార్."

ఆయన వంగి గుడారం మేకులు పీకడం మొదలుపెట్టారు. తిరుగు ప్రయాణం పొడవునా మా అమ్మాయి జింకల గురించే చెప్పింది. ఇల్లు చేరగానే మా ఆవిడ అటక మీది పెట్టెలను దింపింది. సర్దలేదు, దుమ్ము మాత్రం దులిపింది.

నివేదిక చేతికి వచ్చింది. 'సూచనలను పూర్తిగా చదువుతారు. చదివిన తరువాత సొంతంగా ఆలోచిస్తారు. రెండవ దశలో పర్యవేక్షణ అవసరం. స్థిరపరచవచ్చు.' చివరి మాటను మా ఆవిడ చేత మూడు సార్లు చదివించాను. పెట్టెలు మళ్ళీ అటకెక్కాయి.

తరువాత మేం నార్తాంప్టన్‌కు మారాం, ఆయన రిటైరయ్యారు, ఏటా క్రిస్మస్‌కు కార్డులు నడిచాయి. కిందటి నెలలో కొరియర్‌లో ఒక బరువైన సంచి వచ్చింది. ఇల్లు అమ్మేసి చిన్న ఫ్లాట్‌లోకి మారుతున్నానని, అక్కడ గుడారం పెట్టడానికి చోటు లేదని, ఎంచినవారి దగ్గరే ఇది ఉండడం న్యాయమని దొరగారు రాశారు. విప్పి చూస్తే కాన్వాసు మెత్తబడి మంచి వయసులో ఉంది. అంచు మడతలో పసుపు మరక ఇంకా లేతగా కనబడుతోంది. సూచనల పత్రం పాలిథీన్ కవరులో భద్రంగా ఉంది. సబ్బు వాడరాదు, డిటర్జెంట్ వాడరాదు, బ్లీచ్ వాడరాదు. దాని కింద పెన్సిలుతో ఆయన చక్కటి ఇంజనీరు అక్షరాలు: 'బియ్యపు నీరు, ఉప్పుతో. ఒక పూత. చలికాలంలో మాత్రమే. తుపాకీ ఇంట్లో వదలవలెను.' దాని పక్కన వరుసగా పెన్సిలు గీతలు, ఏడాదికొకటి కాబోలు, పద్దెనిమిది లెక్కపెట్టాను.

తయారుచేసినవారి అనుమతి లేకుండా సూచనల పత్రాన్ని సవరించడం క్రమశిక్షణ కాదు. ఆ సంగతి ఆయనకు ఉత్తరం రాయాలనుకుని కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. 'సార్' అన్న మాట దాటి కలం కదలలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళాను.

"ఇవాళ అన్నం వార్చినప్పుడు గంజి పారబోయకు," అన్నాను.

మా ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. "గంజి ఎక్కడిదండీ? అన్నం కుక్కర్లో వండబట్టి ఇరవై ఏళ్ళయింది."

నేను నా చొక్కా చేతుల వైపు చూసుకున్నాను. ముడతలు. ఎన్నాళ్ళనుంచి ఇలా తిరుగుతున్నానో ఎవరూ చెప్పలేదు. ఆవిడ వంగి, కింది అరలో అన్నిటికన్నా వెనక ఉన్న పాత గిన్నెను చప్పుడు చేస్తూ బయటికి లాగింది.

"ఉప్పు వేయనా?" అని అడిగింది.

"వెయ్యి," అన్నాను.