పాసైనవాళ్లకు రాసిన ఉత్తరాలు

ఇరవై రెండేళ్ల వయసులో మనకు తెలియని విషయాలు చాలా తక్కువ ఉంటాయి. అవి పెరిగేది తర్వాతే. ఆ వయసులో నాకున్న గట్టి నమ్మకాల్లో ఒకటి, మంచి తెలుగులో ఉత్తరం రాస్తే ఎంతటివాడైనా కరిగి డబ్బు పంపిస్తాడన్నది. పత్రికలో చేరడానికి ముందు ఏడాదిపాటు గోదావరిఖనిలో ఒక చిన్న కాలేజీలో టెంపరరీ గుమాస్తాగా పనిచేశాను. పొద్దున పెద్దపల్లిలో బస్సెక్కి, సాయంత్రం మళ్లీ పెద్దపల్లిలో దిగేవాణ్ణి. కాలేజీ అంటే ఎనిమిది గదులు, వెనక ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డునే మేం కెమిస్ట్రీ ల్యాబ్ అనేవాళ్లం (బయటివాళ్లెవరూ అలా పొరబడే ప్రమాదం లేదు).

ఆ ఏడు యూనివర్సిటీ నుంచి తనిఖీ కమిటీ వస్తుందని కబురొచ్చింది. ల్యాబ్ సరిగా లేకపోతే బీఎస్సీ గ్రూపు తీసేస్తారు. మా ప్రిన్సిపాల్ సార్ స్వయంగా కెమిస్ట్రీ చెప్పేవారు. బొగ్గుగని కాలనీ ఆడపిల్లలు, కాలేజీ నడిచివచ్చే దూరంలో ఉంది కాబట్టే బీఎస్సీలో చేరారని, గ్రూపు పోతే వాళ్లను కరీంనగర్ పంపించి చదివించే ఇల్లు ఒక్కటీ లేదని ఆయన దిగులు. నన్ను పిలిచి, పాత విద్యార్థులు ఏటా తమకు తోచింది ఇచ్చేలా ఒక పద్ధతి మొదలుపెట్టమన్నారు. "నీ రాత మంచిగుంటది. నువ్వే రాయి" అన్నారు. ఆ మాటతో రెండు రోజులు నేను నేల మీద నడవలేదు.

పాసైనవాళ్ల రిజిస్టరు ముందేసుకుని, ఏ చదువులతల్లి ఒడిలో అక్షరామృతాన్ని గ్రోలితిరో అంటూ మొదలుపెట్టి రెండు పేజీలు రాశాను. అడగాల్సిన సంగతి చివరి పేరాలో సిగ్గుపడుతూ ఒక మూల కూర్చుంది. హాజరు పట్టీల్లో చాలా పేర్ల మీద ఎర్ర సిరాతో గీత కొట్టి 'లెఫ్ట్' అని రాసి ఉండేది. చదువు మధ్యలో మానేసినవాళ్లన్నమాట. వాళ్ల జోలికి నేను పోలేదు. కాలేజీకి పేరు తెచ్చినవాళ్లే కాలేజీకి డబ్బూ తెస్తారని నా లెక్క. ఉత్తరాల్లో చాలావరకు తిరిగొచ్చాయి. తండ్రి రిటైరవగానే గని కంపెనీ ఇచ్చిన క్వార్టరు ఖాళీ చేయాలి కదా, పిల్లలు ఎక్కడికి పోయారో ఎవరికి తెలుసు. జవాబిచ్చినవాళ్లు ముగ్గురు. ఒకాయన తన పెళ్లి శుభలేఖ పంపాడు. ఒకాయన కాలేజీలో లెక్చరర్ పోస్టు ఏమైనా ఖాళీ ఉందా అని అడిగాడు. మూడో ఆయన నా భాషను మెచ్చుకున్నాడు.

ఒక మధ్యాహ్నం, నా ఉత్తరాన్ని గొట్టంలా చుట్టి పట్టుకుని ఒక మనిషి ఆఫీసులోకి వచ్చాడు. అటెండరు చూడగానే "సల్ఫర్ అన్న వచ్చిండు" అని నవ్వాడు (చదువుకునే రోజుల్లో గంధకం కాల్చి కాలేజీ మొత్తాన్ని బయటికి పరుగెత్తించిన ఘనుడట). ఆయన ఉత్తరాన్ని నా బల్ల మీద పరిచాడు.

"తమ్మీ, గీ పేరుగలాయన మా క్లాసు ఫస్టు. ఆయన ఊరిడిసి పోయి ఎన్నేండ్లో అయితాంది. ఆ క్వార్టర్ల ఇప్పుడు నేనుంటున్న. నాకెందుకు రాలె ఉత్తరం?"

మీరు పాస్ కాలేదు కదన్నా అన్నాను, వీలైనంత మర్యాదగా.

"పాస్ కాలె. మా నాయిన బొగ్గు బాయి పనికి అన్‌ఫిట్ అయిండు, ఆయన నౌకరి నాకొచ్చింది. ఆ యాడాది సగం క్లాసు బాయిలకు దిగింది. సదివినన్ని దినాలు ఈడనే గద సదివింది? ఫీజు మాఫ్ చేసిండ్రా మాకు?"

నా జవాబు కోసం ఆయన ఆగలేదు. మర్నాడు మొదటి షిఫ్టు ముగిసే వేళకు నన్ను గని గేటు దగ్గరికి తీసుకుపోయాడు. హెల్మెట్లు, బొగ్గు పట్టిన ముఖాలు, వాటిలో తెల్లగా కళ్లు. సల్ఫర్ అన్నతో కలిపి ఆ క్లాసువాళ్లు పన్నెండుమంది అయ్యారు. రాత్రంతా కూర్చుని తయారు చేసుకున్న ఉపన్యాసం నా జేబులోనే ఉండిపోయింది. సల్ఫర్ అన్న రెండు ముక్కల్లో సంగతి చెప్పేశాడు. ఎంత ఇవ్వాలన్న చర్చే రాలేదు. ఒకాయన మాత్రం హెల్మెట్ తీసి నన్ను అడిగాడు. "మేం యాదికున్నమా సార్‌కు?"

ఇరవై రెండేళ్లవాడు అలాంటి చోట ఏం చేస్తాడు? "మీ అందర్నీ పేరు పేరునా తలుచుకుంటరు" అన్నాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అయితే ఆదివారం మేమే వచ్చి సార్ చేతుల పెడ్తం అన్నారు.

సార్ కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని వాటికోసం సొరుగులు వెతికే మనిషి. పేర్లు చెప్పలేకపోతే వాళ్లు వచ్చిన దారినే పోతారు, బీఎస్సీ కూడా వాళ్ల వెంటే పోతుంది. వెంటనే ఒక చీటీ తీసి, నా గొప్ప పరిశీలనంతా వాడి, ఒక్కొక్కరి పేరు అడుగుతూ పక్కన గుర్తులు రాసుకున్నాను. పొడుగాయన, నుదుటి మీద నల్ల పట్టీ. పొట్టాయన, హెల్మెట్ పగిలింది. మీసం మీద బొగ్గు ఎక్కువ. శనివారం ఆ చీటీ సార్‌కు ఇచ్చి, నేను ఆడిన అబద్ధం కూడా చెప్పుకున్నాను. ఆయన చీటీ చదివి, మడిచి, నా చేతికే ఇచ్చేశారు.

ఆదివారం పొద్దున పన్నెండుమంది వచ్చారు. తలంటుకుని, నూనె రాసి దువ్వుకుని, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాల్లో వచ్చారు. చీటీ చేతిలో పట్టుకుని వాళ్ల ముఖాలు చూస్తే, సల్ఫర్ అన్న తప్ప ఒక్కరినీ నేను పోల్చుకోలేకపోయాను. మీసం మీద బొగ్గున్నాయనకు అసలు మీసమే లేదు. (తర్వాత ముప్పై ఏళ్లు విలేకరిగా బతికినవాణ్ణి. ఇది మీలోనే ఉంచుకోండి.)

సార్ వాళ్లను షెడ్డులోకి తీసుకెళ్లి బెంచీల మీద కూర్చోమన్నారు. బీరువాలోంచి వాళ్లు చదివిన ఏటి హాజరు పట్టీ తెప్పించుకుని, కళ్లద్దాలు సర్దుకుని, మొదటి నంబరు నుంచి పిలవడం మొదలుపెట్టారు. ఎర్ర గీత కింద ఉన్న పేర్లను కూడా ఆగకుండా చదివారు. పాసై వెళ్లిపోయినవాళ్ల పేర్లకు ఎవరూ పలకలేదు. గీత కొట్టిన పేర్లు వచ్చినప్పుడల్లా ఒక తెల్లచొక్కా లేచి నిలబడింది. సార్ ప్రతి మనిషినీ తేరిపార చూసి, తల ఊపి, పట్టీలో టిక్కు పెట్టారు. ఆయనకు వాళ్లు నిజంగా గుర్తున్నారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అది తేల్చుకోవాలని వాళ్లకూ అనిపించినట్టు లేదు.

పట్టీ మూసి సుద్దముక్క అందుకున్నారు.

"ఎక్కడ ఆపినం మనం?"

వెనక బెంచీలోంచి ఒకాయన గొంతు సవరించుకుని అన్నాడు. "సాల్ట్ అనాలిసిస్ సార్. డ్రై టెస్టులైనయ్. వెట్ టెస్టులు కాలె."

సార్ బోర్డు తుడిచి అక్కడి నుంచే మొదలుపెట్టారు. గంటసేపు చెప్పారు. పోయేటప్పుడు పన్నెండుమందీ కవర్లు ఆయన చేతిలో పెట్టి, వచ్చే ఏడాది ఎప్పుడు రావాలని అడిగారు. కమిటీ వచ్చేనాటికి షెడ్డుకు గ్యాస్ లైను, రెండు త్రాసులు, రంగు వచ్చాయి. గ్రూపు నిలబడింది. దాతల పథకాన్ని మొదలుపెట్టింది నేనేనని పత్రికలో చేరిన కొత్తలో చాలామందికి చెప్పుకుని తిరిగాను.

ఇప్పుడు సార్ లేరు. ఆ పన్నెండుమందీ రిటైరై క్వార్టర్లు ఖాళీ చేసి ఎటెటో వెళ్లిపోయారు. ఆనాడు పాఠం జరిగిన ఆ గంటసేపూ నేను మాత్రం షెడ్డు గుమ్మం బయటే నిలబడి ఉన్నాను. చివరి బెంచీలో చోటు ఉండింది. వెళ్లి కూర్చుంటే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. నేను స్టాఫు కదా, విద్యార్థుల్లో కలిసి కూర్చుంటే బాగుండదనుకున్నాను.