పార్కింగులో కాపురం

రాజమండ్రిలో జరిగిన ఒక మహాయుద్ధం గురించి రాస్తున్నాను. పగ, ప్రతిజ్ఞ, కోట కూలడం అన్నీ ఉంటాయి. ఉంటాయి గానీ, కోట అంటే మేం అద్దెకున్న గది. మున్సిపాలిటీకిచ్చిన ప్లానులో అది కారు పార్కింగు. ఇంటాయన చుట్టూ గోడలు లేపి, తలుపు పెట్టి, అమ్మకీ నాకూ అద్దెకిచ్చాడు. కారు ఉండాల్సిన చోట కొన్నేళ్లు కాపురం ఉన్నాం.

తర్వాత సంస్కరణలొచ్చాయి. ఇంటి పన్ను ఆస్తి విలువను బట్టి వేయడం మొదలైంది. అనుమతి లేని అంతస్తుకు జరిమానా కడితే అది సక్రమమైపోయే పథకమూ వచ్చింది. ఇంటాయన పైన దొంగతనంగా వేసిన అంతస్తును అలా దొరని చేసి, ఆ బరువంతా మా అద్దె మీద పడేశాడు. కట్టలేమంటే ఖాళీ చేయమన్నాడు. ఎవరో గోడౌనుకి అడుగుతున్నారట. అమ్మ గడువడిగింది.

“నాకు జాలి ఉందండి, పన్నుకి లేదు కదండీ,” అన్నాడు.

నేననాల్సిన మాట ఆయనన్నాడు. అక్కడే పగ పట్టాను.

ఆ పథకం పార్కింగు జాగాకి వర్తించదని చదివి, మా తలుపు ఫొటో తీసి మున్సిపాలిటీ యాప్‌లో ఫిర్యాదు పెట్టాను.

“మనముండే గదినే పడగొట్టమన్నావా?” అంది అమ్మ.

“ఎలాగూ పొమ్మన్నాడుగా. మనం పోయాక ఆయనకీ మిగలకూడదు.”

నోటీసు అందగానే ఇంటాయన దిగొచ్చాడు. పాత అద్దెకే ఉండమన్నాడు, ఫిర్యాదు వెనక్కి తీసుకోమన్నాడు. అమ్మ ఆశగా నా వైపు చూసింది.

“నాకు జాలి ఉందండి, యాప్‌కి లేదు కదండీ.”

వెనక్కి తీసుకునే వీలు ఆ యాప్‌లో ఉంది. చెప్పలేదు. అమ్మ ఆ పూట నాకు అన్నం వడ్డించలేదు.

గడువు ముగిశాక టౌన్ ప్లానింగ్ ఉద్యోగి కూలీలతో వచ్చాడు.

“ఫిర్యాదు చేసిందెవరండి?”

“నేనేనండి.”

“ఇందులో ఉంటున్నదెవరు?”

“అదీ నేనేనండి.”

ఆయన ఫోనులో ఫొటోనీ నన్నూ మార్చి మార్చి చూసి, సర్వీసులో ఇలాంటి కేసు తగల్లేదన్నాడు. పొగడ్తగానే తీసుకున్నాను. మొదటి గోడ పడుతుంటే ఇంటాయన మొహం తనివితీరా చూశాను. అమ్మ గ్యాస్ బండ పట్టుకుని రోడ్డు మీద నిలబడింది.

ధవళేశ్వరంలో ఇంతకన్నా చిన్న గదికి ఎక్కువ అద్దె కడుతున్నాం. గెలుపు చూసుకుందామని మొన్న ఆ వీధికెళ్లాను. మా గది ఉన్నచోట పైవాటావాళ్లు కారు పెట్టుకుంటున్నారు. అక్కడ రివర్సులోనే పెట్టాలి. ముందుకు పెడితే స్తంభం అడ్డొచ్చి డ్రైవరు వైపు తలుపు తెరుచుకోదు.