బగ్దల్‌లో నా పరీక్ష ప్రసంగం

బైబిలు కళాశాలలో చదువుతున్న మా మనవరాలు తన మొదటి ప్రసంగం రాసి, దిద్దమని నిన్న నాకు పంపింది. రెండో పేజీలో కొంత జాగా వదిలి, ‘ఇక్కడ ఒక నిజమైన ఉదాహరణ కావాలి తాతా’ అని రాసింది. దిద్దడం పక్కన పెట్టి ఇది రాయడం మొదలుపెట్టాను.

మైసూరు రాష్ట్రం ఇంకా పేరు మార్చుకోని రోజుల్లో నేను బీదర్‌లో పాస్టరు చదువు చదివాను. ప్రసంగం నేర్పే అయ్యగారు మమ్మల్ని ఖాళీ బెంచీల ముందు నిలబెట్టి, చేతిలో కాగితం లాక్కుని, చిట్టచివర కూర్చుని వినబడటం లేదనేవారు. శనివారానికల్లా మా గొంతులు బొంగురుపోయేవి. ఉదాహరణల విషయంలో ఆయనది ఒకటే కట్టడి. ఇళ్ళు తిరిగి ప్రార్థన చేసేటప్పుడు విన్న సంగతిని పేరు తీసేసి చెప్పొచ్చు, కానీ ఏ ఊరిది ఆ ఊళ్ళో చెప్పకూడదు. పరీక్ష ప్రసంగం మాత్రం నిజమైన సంఘం ముందే చెయ్యాలి. అందులో తప్పితే పాస్టరుగా ఏ సంఘమూ అప్పగించరు, ఇంటికి పోయి నాయన వెంట కూలికి పోవడమే.

నాకు బగ్దల్ సంఘం పడింది. హళ్ళిఖేడ్‌లో ఒకామె ఏడుస్తూ చెప్పుకున్న సంగతి నా దగ్గర ఉంది. కరువు ఏడాది ఆమె జొన్నపిండి కుండ అటక మీద దాచి, తోడికోడలు వచ్చి అడిగితే లేదంది. తోడికోడలి బిడ్డ ఆకలికి నీరసించి, జ్వరమొచ్చి పోయింది. ఆ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదంది. అయ్యో అనుకున్నాను. ఆ వెంటనే ప్రసంగానికి బాగా పనికొస్తుందనీ అనుకున్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆ ఆదివారం కుండ దాచడం దాకా చెప్పాను. చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళలో ఆ హళ్ళిఖేడ్ ఆమె కనిపించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తోడికోడలు అనగానే పక్కనున్న మనిషి మెల్లగా తల తిప్పి ఆమె ముఖంలోకి చూసింది. వేరుపడిన ఆ తోడికోడలు ఏ ఊళ్ళో ఉంటుందో నేను అడగనే లేదు; ఆమెది బగ్దలే, ఈమె చుట్టపుచూపుగా వచ్చింది. ఆపితే ఈమేనని తేలిపోతుంది, సాగిస్తే బిడ్డ చావు చెప్పాలి. వెనక కుర్చీలో అయ్యగారు రాయడం ఆపారు.

“ఆ కుండ దాచింది ఎవరో కాదు, మా అమ్మే,” అన్నాను.

పక్కామె కళ్ళు మళ్ళీ నా వైపు తిరిగాయి. ప్రసంగం ఎట్లా ముగించానో గుర్తులేదు.

తిరుగు బస్సులో అయ్యగారు నా పక్కనే కూర్చున్నారు. మా ఇంటి సంగతులు ఆయనకు తెలుసు. “మీ నాయన ఒక్కడే కొడుకు గదా. మీ అమ్మకు తోడికోడలు యాడికెల్లి వచ్చింది?” అన్నారు. జరిగింది చెప్పాను. తన కట్టడిలోనే కంత ఉందని అనిపించిందేమో, నన్ను తిట్టలేదు. “పాసు చేస్త. గాని ముందుగాల పోయి మీ అమ్మకు చెప్పు,” అన్నారు.

చిద్రిలో మా ఇంటికి పోయేసరికి అమ్మ కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. కోపమొస్తే చేట విసిరే మనిషి, అందుకని కాస్త దూరంగానే కూర్చుని చెప్పాను. చెప్పినంతసేపూ తల ఎత్తలేదు. చివరికి ఆ పిల్ల బతికిందా అని అడిగింది. లేదన్నాను.

“అట్లయితె నా పేరు మీదనే ఉండనీ. ఆమె ఎవరో నాక్గూడ చెప్పకు,” అంది.

ఆ మాట ఊళ్ళు తిరిగింది. ఏటా అన్ని ఊళ్ళ సంఘాలు కలిసే కూడికల్లో అమ్మ వడ్డించడానికి వస్తే బగ్దల్ ఆడవాళ్ళు కొందరు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేవారు. అమ్మ పక్క విస్తరికి పోయేది. ఒకరికి పెట్టడంలో ఆమెను మించిన చెయ్యి మా వాడలోనే లేదు. నేను పాస్టరునై ముప్పై ఏళ్ళు ప్రసంగాలు చేశాను గానీ ఆ ఒక్క మాట దిద్దలేకపోయాను. ఇప్పుడు ఆ తోడికోడళ్ళు లేరు, అమ్మ లేదు. మా అమ్మ పిండి దాచలేదని చెప్పడానికి కాలం నాకు సెలవిచ్చింది, విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినవాళ్ళలో మాత్రం ఒక్కరినీ మిగల్చలేదు.