సరయెవోలో బోణీ

ఎనభైల మొదట్లో మేం చికాగో దగ్గర అరోరాలో ఉండేవాళ్లం. ఒక వేసవిలో నేనూ మా ఆవిడ సుజాతా యూగోస్లావియా వెళ్లాం. సరయెవో పాతబస్తీలో, రాగిసామాన్లు అమ్మే వీధిలో, పొడవాటి పిడి ఉన్న కాఫీగిన్నె ఒకటి సుజాతకు తెగ నచ్చింది. ఇమ్మని అడిగితే కొట్లోని ముసలాయన తల అడ్డంగా ఊపి, బయటికి చెయ్యి చూపించాడు.

సుజాత మొహం చిన్నబోయింది. "మన కలర్ చూసి ఇవ్వనంటున్నాడేమోనండీ. పదండి, వెళ్లిపోదాం," అంది.

ఇంతలో ఆయన కూతురు గబగబా ముందుకొచ్చింది. ఆమెకు ఇంగ్లీషు వచ్చు. "ఏమీ అనుకోకండి. మాకు పొద్దున్నే మొదటి బేరం అయిపోయింది. ఎదురుకొట్టు ఆయనకు ఇంకా అవలేదు. ఇదే గిన్నె అక్కడ కొనుక్కోండి," అంది.

"బోణీ అండీ!" అని సుజాత పెద్దగా నవ్వేసింది.

ఎదురుకొట్టు ఆయన మేమిచ్చిన నోట్లను, అచ్చం మన బెజవాడ కొట్లలోలాగే, నుదుటికి తాకించుకున్నాడు. బోణీ కోసం ఆరాటపడేవాళ్లను చాలామందిని చూశాను. ఎదుటివాడి బోణీ కోసం ఆరాటపడిన మనిషిని చూడడం అదే మొదటిసారి.

వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయిని, "ఆయన మీకు పోటీ కదమ్మా?" అని అడిగాను.

ఆమె అర్థం కానట్టు చూసింది. "పోటీ ఏమిటి? మా పొరుగాయన," అంది.