ఈల వినపడితే ఉలవలు

రాజమ్మకు కోపం రాని రోజున ఆమెకు ఒంట్లో బాగాలేదేమోనని గుర్రాలు కూడా అనుమానపడేవి. తెల్లవారగానే మొదట మొగుణ్ణి తిట్టేది. తర్వాత గుర్రాల్ని, అవి లేచిన వరుసలోనే తిట్టేది. చివరికి ఉత్తరం దిక్కుకు తిరిగి మాదాపూర్‌లో కొత్తగా లేచిన గాజు మేడల్ని తిట్టేది. పాపం, ఆ మేడలు నేరుగా ఆమెను చేసిందేమీ లేదు. కానీ వాటిలో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళకు పడుకోవడానికి ఇళ్ళు కావాలి. ఆ ఇళ్ళు లేవాలంటే మణికొండ గుట్టలు పగలాలి. పగలాల్సిన గుట్టల్లో ఒకటి సరిగ్గా రాజమ్మ తబేలా వెనకాలే ఉంది.

తబేలా అంటే మరీ గొప్పగా ఊహించుకోనక్కర్లేదు. మణికొండ నుంచి పుప్పాలగూడకు పోయే మట్టిదారి పక్కన నాలుగు రేకులు, చుట్టూ ముళ్ళకంప, ముందొక కర్రగేటు, లోపల నాలుగు గుర్రాలు. వాటిలో సొంతమైంది ఒక్కటే, పళ్ళూడిన ముసలిది. మిగిలిన మూడూ పరాయివాళ్ళవి. గుర్రం కొనే సరదా ఉండి, కట్టేసే చోటు లేనివాళ్ళు తెచ్చి ఇక్కడ పెట్టేవారు. దాణా పెట్టడం, మాలీసు చేయడం, లాడాలు కొట్టించడం, పెళ్ళి ఊరేగింపు ఉన్న రోజు ముస్తాబు చేసి పంపడం తబేలా పని.

ముప్పై ఏళ్ళు ఆ పని చేసింది రాజమ్మ మొగుడు రాములు. మెహదీపట్నంలో ఒక ఊరేగింపు రోజున గుర్రం జారి అతని మీద పడింది. తుంటి విరిగింది. మూడు నెలలు దవాఖానలో, ఆ తర్వాత ఇంటి ముందు నులక మంచం మీద. కాళ్ళు పోయినా నోరు పోలేదు కాబట్టి మంచం మీది నుంచే తబేలా నడిపిస్తున్నానని అతని నమ్మకం. "ఏందే, గా ఎర్ర గుర్రానికి నీళ్ళు బెట్టినవా?" అని అతను అడిగేసరికి ఎర్రది నీళ్ళు తాగి, పేడవేసి, కునుకు కూడా తీసి ఉండేది.

పేడ ఎత్తడం, గడ్డి మోయడం, మొగుడికి స్నానం చేయించడం, ఉలవలు ఉడకబెట్టడం, అన్నీ రాజమ్మే. దానికితోడు ఊరి మాటలు. గుర్రాల దగ్గర ఆడమనిషేమిటని హోటలు ముందు కూర్చున్నవాళ్ళంతా నవ్వేవారు. పెళ్ళి గుర్రాలు రెండింటిని అక్కడ ఉంచిన మంగళ్‌హాట్ బ్యాండు మేళం ఆసామి అయితే మొహం మీదే చెప్పాడు, వాటి ఒంటి మీద జర గీత పడినా ఆ రోజే తోలుకుపోతానని. మూడో పరాయి గుర్రం చలపతిరావుగారి తెల్ల ఆడగుర్రం. అవి మూడూ పోతే రాజమ్మకు మిగిలేది పళ్ళూడిన గుర్రమూ, తుంటి విరిగిన మొగుడూ. అందుకే ఆ మూడింటి మీద ఈగ వాలినా ఆమె ఈగతో కొట్లాటకు దిగేది.

చలపతిరావు కోస్తా నుంచి వచ్చి ప్లాట్లు అమ్మే వ్యాపారం చేస్తున్నాడు. రేసుల్లో ఓడిపోయి రిటైరైన ఆ తెల్ల గుర్రాన్ని ముచ్చటపడి కొన్నాడు. కాయితాల్లో దాని పేరు ఇంగ్లీషులో బారెడుంది. రాజమ్మ దాన్ని తెల్లమ్మ అనేది. వైశాఖంలో చలపతిరావు కొడుకు రోహిత్ పెళ్ళి. హైదరాబాదులో పెళ్ళంటే పెళ్ళికొడుకు గుర్రమెక్కి రావలసిందేనని ఆయన భార్య పట్టుబట్టింది, అదీ సొంత గుర్రం. "చూడమ్మా రాజమ్మా, మూడు నెలల్లో టపాకాయలకి బెదరకుండా చెయ్యాలి" అని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

తెల్లమ్మ సంగతేమిటంటే, ఎవరైనా తుమ్మితే కూడా కట్టుతాడు తెంపుకునేది.

సరిగ్గా అప్పుడే గుట్ట పగలగొట్టడం మొదలైంది. రోజుకు రెండుసార్లు బండలో తూటాలు పెట్టి పేల్చేవారు. మొదటి రోజు నాలుగు గుర్రాలూ వెనక్కాళ్ళ మీద లేచి రేకులు ఊడగొట్టాయి. రాజమ్మ కొంగు బిగించి పనిచోటికి పోయింది. అక్కడి ఇంజినీరు సురేంద్ర కడప వైపు కుర్రాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. సిమెంటు బస్తాల మధ్య టిఫిను తింటున్నాడు. అతని ఇడ్లీ గొంతు దిగకుండా రాజమ్మ ఒక గంటసేపు మాట్లాడింది. అతని తాతముత్తాతల్లో ఎవరికీ ఉత్తమగతులు లేకుండా చేసి వచ్చింది. మర్నాడూ పోయింది. ఆ మర్నాడూ పోయింది. చివరికి సురేంద్ర చేతులు జోడించాడు.

"ఏమిమ్మా, నేనేం చేసేది? బండ పగలకపోతే నా ఉద్యోగం పగుల్తాది. కావాలంటే ఒకటి చేస్తా. పేల్చేముందు పెద్దగా ఈల ఏయిస్తా. నీ గుర్రాలను నువ్వు పట్టుకో."

ఆ ఈల దగ్గరే రాజమ్మ బుర్ర పనిచేసింది. బుర్ర అనడం కంటే పంతం అనడం మేలు. పెళ్ళి గుర్రాలను చప్పుడుకు అలవాటు చేసే పద్ధతి ఒకటి ఉంది. పక్కన రేకు డబ్బా వాయిస్తారు, చప్పుడు ఆగాక గుప్పెడు ఉడికిన ఉలవలు పెడతారు. రోజు రోజుకీ చప్పుడు పెంచుతారు. కొన్నాళ్ళకు గుర్రానికి చప్పుడంటే భయంపోయి, నోట్లో నీళ్ళూరతాయి. డబ్బా ఎందుకు, కంపెనీవాడే ఉచితంగా తూటాలు పేలుస్తున్నాడు గదా అనుకుంది రాజమ్మ. తన రేకులు ఊడగొట్టిన పాపానికి వాళ్ళ తూటాతోనే తన గుర్రానికి చదువు చెప్పించాలని కసి.

ఈల మోగగానే ఉలవల గిన్నె తీసుకుని తెల్లమ్మ దగ్గరికి పరుగెత్తేది. అది ఉలవలు నములుతుండగా వెనక ఢామ్మనేది. నోరు నిండి ఉంటే గుర్రం ఎగరదని ఆమె లెక్క.

మంచం మీద రాములు మొత్తుకున్నాడు. "గట్ల గాదే. చప్పుడైనంక బెట్టాలె. ఈలకు బెడితే అది ఈలనే నేర్చుకుంటది."

"నువ్వు గంత తెలివిగల్లోనివైతే గుర్రం కిందెందుకు పడ్డవ్?" అంది రాజమ్మ. ఆ మాటకు రాములు రెండు రోజులు మాట్లాడలేదు. ఇల్లు హాయిగా ఉంది.

నెల తిరిగేసరికి తెల్లమ్మ తూటా పేలితే చెవి కూడా కదిలించేది కాదు. కానీ ఈల మోగితే మాత్రం కాళ్ళతో నేల తవ్వేది, సకిలించేది, గేటు వైపు మెడ చాచేది. రాజమ్మ దాన్ని చూసి మురిసిపోయింది. చలపతిరావుకు కబురు కూడా పంపింది, గుర్రం తయారైందని.

ఆ కబురు పంపిన మూడో రోజు పొద్దున, నీళ్ళ తొట్టిలో కంకర ముక్కలు కనిపించాయి. బండ పగిలినప్పుడు ఎగిరి వచ్చి పడినవి. గుర్రం మింగితే ఏమయ్యేది? రాజమ్మ ఆ ముక్కల్ని కొంగులో మూటగట్టుకుని, ఇంజినీరు చేత నమిలిస్తానంటూ బయలుదేరింది. కోపంలో ఉన్న మనిషి వెనక్కి తిరిగి చూడదు. గేటుకు అడ్డకర్ర వేయలేదు. కట్టు విప్పి తోముతున్న తెల్లమ్మను మళ్ళీ కట్టేయనూ లేదు.

పనిచోట సురేంద్ర ముందు కంకర కుమ్మరించి, ఇంకా మొదటి తిట్టు పూర్తికాకముందే ఈల మోగింది. ఆ రోజు ఎవరో పెద్దమనుషులు చూడటానికి వస్తున్నారని పేల్చే వేళ ముందుకు జరిపారు. కూలీలంతా బండల చాటుకు పరుగెత్తారు. సురేంద్ర రాజమ్మ చెయ్యి పట్టి లాగాడు. అప్పుడు ఆమె చూసింది. మనుషులంతా ఇటు పరుగెత్తుతుంటే, ఎర్ర జెండా పక్క నుంచి తెల్లమ్మ అటు పోతోంది. బెదరలేదు. చెవులు నిక్కబొడుచుకుని, విందుకు పిలిచినట్టు, గుట్ట కిందికి దర్జాగా చిన్న పరుగున పోతోంది. అక్కడ తూటాల వత్తి అంటుకుని ఉంది.

రాజమ్మ చెయ్యి విడిపించుకుంది. ఆ వయసులో, ఆ ఒంటితో ఆమె అంత వేగంగా పరుగెత్తగలదని ఆమెకే తెలియదు. వెనక నుంచి అందరూ అరుస్తున్నారు. తెల్లమ్మ బండ దగ్గర నిలబడి ఉలవల కోసం చూస్తోంది. మెడకు కొంగు వేసి లాగితే కదల్లేదు. వీపు మీద చరిస్తే కదల్లేదు. ఈల మోగింది, తన తిండి తనకు రావాలి, అంతే. ఆమె గుప్పిట మూసి దాని ముక్కు కింద పెట్టింది. లోపల ఏమీ లేదు. అయినా గుప్పిట అలాగే చూపిస్తూ వెనక్కి నడిచింది. గుర్రం వెంట నడిచింది. ఆమె నడక పెంచింది. అదీ పెంచింది. పెద్ద బండ చాటుకు చేరి, గుర్రాన్ని గోడలా ఆనుకున్న క్షణంలో గుట్ట పేలింది. రాళ్ళు నెత్తి మీదుగా పోయాయి. వాళ్ళమీద దుమ్ము తప్ప ఏమీ పడలేదు.

అప్పుడు తెల్లమ్మ గుప్పిట తెరిపించి చూసుకుంది. ఖాళీ అని తెలిసి, రాజమ్మ భుజం గట్టిగా కొరికింది.

రక్తం చూసి సురేంద్ర పరుగెత్తుకొచ్చాడు. రాయి తగిలిందనుకుని దవాఖానకు జీపు పిలిచాడు. కంపెనీ తరఫున ఏం కావాలన్నా చేయిస్తానన్నాడు. రాయి కాదు, గుర్రం కరిచిందని చెప్పి, కంకర సంగతి రేపు తేల్చుకుందామని రాజమ్మ గుర్రాన్ని తోలుకుని ఇల్లు చేరింది. ఆ మాట విన్న రాములు నుదురు కొట్టుకున్నాడు. రాయి అంటే పోయేదేముంది, తప్పు వాళ్ళ మీద ఉండేది గదా అన్నాడు. రాజమ్మ పసుపు అద్దుకుంటూ అతని వైపు చూసిన చూపుకు నులక మంచం కాళ్ళు కూడా ముడుచుకున్నాయి.

సాయంత్రానికి చలపతిరావు వచ్చాడు. ఊరంతా చెప్పుకున్నది ఆయనా విన్నాడు. కానీ ఆయన మొహంలో కోపం లేదు, పండగ ఉంది.

"ఏంటమ్మా, బాంబు పేలినా బెదరలేదటగా? ఇంకేం కావాలి. మావాడి పెళ్ళికి ఖాయం."

"తయారైందని కబురంపినం గద సారూ, గదే" అని మంచం మీది నుంచి రాములు అందుకోబోయాడు.

"నువ్వాగు" అంది రాజమ్మ. ఆయన వైపు తిరిగింది. "ఇది పెండ్లికి పనికిరాదు సారూ."

ఆయన నవ్వు ఆగిపోయింది.

"బ్యాండు మాస్టరు పాట మార్చేటప్పుడల్లా ఈల ఏస్తడు. ఎర్కేనా? గా ఈలకు ఇది మీ కొడుకును మీదేసుకొని బ్యాండోళ్ళల్లకు దుంకుతది. పటాకులున్నా దుంకుతది. నేనే తప్పు నేర్పిన. చప్పుడైనంక బెట్టాలెనని మా ఆయన చెప్పిండు. నేను ఇనలే."

పాతికేళ్ళ కాపురంలో రాములు చెప్పింది రైటని ఆమె అనడం అదే మొదలు. అతను ఏం చేయాలో తోచక దుప్పటి సర్దుకున్నాడు.

చలపతిరావు చాలా అన్నాడు. చుట్టాలందరికీ చెప్పుకున్నామన్నాడు. చెవుల్లో దూది పెడితే సరిపోతుంది కదా అన్నాడు. ఆడదాన్ని నమ్మి గుర్రాన్ని వదిలినందుకు తనకీ శాస్తి అన్నాడు. రాజమ్మ అన్నీ విన్నది.

"గుర్రం మీది. తోలుకపోండ్రి. నా దర్వాజ కెల్లి మాత్రం దీన్ని పెండ్లికి తోల. రేపు పిల్లగాని కాలో చెయ్యో ఇరిగితే మంచంల ఏస్కొని చూస్కునేది మీరే. నేను మా ఆయనను ఏసుకున్న, నాకెర్కే."

ఆయన కారెక్కాడు.

మర్నాడు పొద్దున్నే బ్యాండు ఆసామి వచ్చి తన రెండు గుర్రాల్నీ తోలుకుపోయాడు. వాటికి గీత పడలేదని రాజమ్మ చూపించినా ఆగలేదు. గేటు తీసి పెట్టిన చేతిని గేటు మీదే ఉంచి, దారి మలుపు దాకా ఆ ఆసామిని ఆమె తిట్లతో సాగనంపింది. ఆ తర్వాత ఖాళీ అయిన రెండు చోట్లనూ శుభ్రంగా ఊడ్చింది. ఇప్పుడు ఇంత ఊడవడమెందుకని రాములు అడిగితే ఇంకోసారి ఊడ్చింది.

అయిదో రోజు చలపతిరావు మళ్ళీ వచ్చాడు. రాజమ్మ తాడు, కళ్ళెం, దుప్పటి మడిచి గేటు దగ్గర సిద్ధంగా పెట్టింది. ఆయన వాటి వైపు చూడలేదు. తెల్లమ్మ దగ్గరికి పోయి దూరం నుంచే మెడ మీద తట్టాడు.

"పెళ్ళికి కారే పెట్టాం. మా ఆవిడకి నేనే ఏదో చెప్పాను" అన్నాడు. మళ్ళీ ఆయనే అడిగాడు. "ఈ ఈల పిచ్చి మరిపించడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"నేర్పినదానికి రెండింతలు."

"అయితే ఇక్కడే ఉండనీ."

కారు పోయాక రాజమ్మ తాడు తీసి మళ్ళీ మేకుకు తగిలించింది. సంతోషం వచ్చిన మనిషిలా ఏమీ కనిపించలేదు. ఆయన గుర్రాన్ని తట్టిన తీరు బాగాలేదని, మెడ మీద అలా తడితే దానికి నచ్చదని గొణిగింది.

పదకొండు గంటలకు గుట్ట మీద ఈల మోగింది. తెల్లమ్మ నేల తవ్వింది, సకిలించింది, మెడ చాచింది. రాజమ్మ రెండు చేతులూ కట్టుకుని ఎదురుగా నిలబడింది. గుట్ట పేలింది. ఉలవలు రాలేదు. తెల్లమ్మ తొట్టి తన్నేసింది, రేకు తన్నేసింది, కట్టుకొయ్యను కొరికింది. రాజమ్మ అంత దూరంలో నిలబడి, ఒక్క తిట్టు కూడా తిట్టకుండా, అది అయిపోయేదాకా చూసింది.