పిండి పూసిన సెనేటరు

ఆఫ్రికాలోని మస్సావా రేవులో ఓడెక్కి ఇటలీలోని తూరిన్ చేరిన వోల్దు, అక్కడ బొగ్గు బస్తాలు మోస్తూ, ఆ ఊరి పిల్ల డెల్ఫీనానే పెళ్లాడాడు. ఊరి చలిని ఊరివాళ్ల యాసలోనే తిట్టేవాడు. ఇంకేం తక్కువయ్యా అంటే, మామగారు తక్కువ. సంతలో పొట్టపేగులు అమ్మే సెకొందో, నల్లటి అల్లుడి మొహం చూడడు సరికదా, మనవడు పుట్టాక వాణ్నీ ముట్టుకోలేదు. బాప్టిజం నాడు తాత చేతుల్లోనే బిడ్డ గుడికి వెళ్లాలని వోల్దు ఆశ.

ముసలాయనకు సినిమా పిచ్చి. డెల్ఫీనా ఓ రోజు నిలదీసేసరికి సంతంతా వినేలా అరిచాడు. "నీ మొగుడి మొహం తెర మీద చూపించు, అప్పుడు ఎత్తుకుంటా పో!"

వెతకబోయిన తీగ కాలికే తగిలింది. రోముకూ ఆఫ్రికాలోని కార్తేజికీ జరిగిన యుద్ధం మీద సినిమా తీస్తున్నారనీ, ఆఫ్రికా సైనికులు కావాలనీ కబురు. వోల్దు పరుగెత్తాడు. దర్శకుడు పంకాల్డి ఓ ఫిల్ము ముక్క మీద అతని బొమ్మ తీసి, కడిగించి చూసి పెదవి విరిచాడు.

"నువ్వు ఆఫ్రికావాడిలా లేవయ్యా."

"నేను పుట్టిందే అక్కడ బాబూ!"

"పుడితే చాలా? తెర మీద బూడిదలా తేలుతున్నావు. మా గాస్పరేని చూడు, అదీ ఆఫ్రికా అంటే!"

గాస్పరే ఆ ఊరి రొట్టెలవాడే, తెల్లవాడు. ఒళ్లంతా కాల్చిన బిరడా మసి, ముక్కుకు ఇత్తడి రింగు. తుమ్మినప్పుడల్లా రింగు ఊడిపడుతోంది.

"అయితే నాకూ ఆ మసి పూయండి."

"నీకెందుకయ్యా, నల్లగానే ఉన్నావుగా!"

వోల్దుకు ఒళ్లు మండిపోయి, బయటికి దారనుకుని పక్క గదిలోకి నడిచాడు. అది రోమువాళ్ల వేషాలు వేసే గది. ఎడమ గదిలోకి వెళ్లినవాడికి మసి, కుడి గదిలోకి వెళ్లినవాడికి పిండి. అదీ అక్కడి పద్ధతి. రంగులు పూసేవాడు తలెత్తకుండానే కుంచె ముంచాడు. నోరు విప్పితే ఈ కాస్త అవకాశమూ పోతుందని వోల్దు మొహం ముందుకు చాచాడు. కాసేపటికి తెల్లదుప్పటి చుట్టుకుని, సున్నం కొట్టిన గోడలా రోము పెద్దల సభ సెనేటులో కూర్చున్నాడు. కనుబొమ్మ మీది పాత గాటు ఒక్కటే పిండికి దాగలేదు.

సినిమా వచ్చింది. సంత జనమంతా హాల్లోనే ఉన్నారు. తెర మీద సెనేటరు గంభీరంగా చెయ్యెత్తగానే సెకొందో తొడ చరిచాడు. "అబ్బ, ఏం మొహం! ఆ కళ తరతరాల రక్తంలో ఉండాలి. అల్లుడంటే అలా ఉండాలి!"

డెల్ఫీనా పగలబడి నవ్వింది. "ఆ కనుబొమ్మ మీది గాటు చూడు నాన్నా. నీ అల్లుడే!"

వెనక బెంచీలు ఈలలేశాయి. "మాట తప్పకు సెకొందో!"

ముసలాయన తెరను చూశాడు, వోల్దును చూశాడు, మళ్లీ తెరను చూశాడు. మింగలేక కక్కలేక చేతులు చాచాడు. ఇన్నాళ్లూ వోల్దు కోరుకున్నది ఆ చేతులనే. వోల్దు చంకలోని పిల్లవాడు కూడా తాత వైపు వంగాడు.

"మాటంటే మాటే. ఇలా ఇవ్వు," అన్నాడు సెకొందో. తర్వాత గొంతు తగ్గించాడు. "కాకపోతే బాప్టిజం నాడు నువ్వు ఆ పిండి పూసుకునే రా. నలుగురూ చూస్తారు."

వోల్దు వంగిన బిడ్డను వెనక్కి లాక్కుని భుజాన వేసుకున్నాడు.

"ఆ పెద్దమనిషికి పిల్లల్లేరు మామగారూ," అన్నాడు తెర వైపు చూపిస్తూ. "వీడు నా కొడుకు."